బీదర్ నుండి రాజమండ్రికి విమానంలో గంట ఐదు నిమిషాలేనా? దూరం లెక్క, టైము లెక్క

జహీరాబాద్ నుండి మళ్ళీ నేనే. ఇవాళ్టి టాపిక్ చూడటానికి చాలా చిన్నది. ఒక ఊరి విమానాశ్రయం నుండి ఇంకో ఊరి విమానాశ్రయానికి దూరం ఎంత, టైము ఎంత? ఫోన్‌లో కొడితే అర సెకనులో జవాబు వస్తది కదా, దీనికి ఒక ఎపిసోడ్ ఎందుకు అంటారా? ఆ అర సెకను జవాబు నమ్మి మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తా. లెక్క తర్వాత చేద్దాం.

మా మేనత్త, అంటే మా నాన్నకు అక్క, పెళ్ళయ్యాక మామయ్య ఉద్యోగం కోసం రాజమండ్రి పోయి అక్కడే స్థిరపడింది. ఒక మే నెలలో పొద్దున 5:40కి ఫోన్ వచ్చింది. అత్త పోయింది. ఆడపిల్ల పోతే పుట్టింటి చీర రావాలి, అది కప్పాకే తీసుకెళ్తారు. ఇది మీకు తెలిసిందే. ఆ చీర పట్టుకొని పోవాల్సింది మా నాన్న. ఫోన్ చేతిలోనే ఉంది, అవతల మా బావ లైన్‌లో ఉన్నాడు. నాన్న నన్ను అడిగిండు: "బీదర్‌ల విమానాలు నడుస్తున్నయ్ గదా, రాజమండ్రికి ఎంతసేపు?" నేను నిద్ర కళ్ళతో ఫోన్‌లో కొట్టా. పెద్ద అక్షరాల్లో వచ్చింది: దూరం 468 కి.మీ., విమాన సమయం 1 గంట 5 నిమిషాలు. అదే చదివి చెప్పా. నాన్న ఫోన్‌లో "పన్నెండు లోపల వస్తం, ఉంచండి, చీర తెస్తున్న" అని మాటిచ్చిండు.

ఐదు నిమిషాల తర్వాత టికెట్ కోసం చూస్తే బీదర్ నుండి రాజమండ్రికి విమానమే లేదు. ఎప్పుడూ లేదు. సరే, శంషాబాద్ నుండి పోదాం అనుకొని, మళ్ళీ గాలిలో లెక్కేసి "ఒంటిగంట అవుతది" అని చెప్పించా. పొద్దుటి విమానం మాకు అందదు. తర్వాతి దాంట్లో సీట్లు దొరికి, టికెట్ చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర. బయలుదేరేది 12:50. అప్పుడు మూడోసారి ఫోన్ చేసి "మూడు గంటలకు ఇంటి దగ్గర ఉంటం" అని చెప్పాం. ఈ మూడో మాట నిజం. కచ్చితంగా మూడింటికే చేరాం. కానీ అప్పటికే రెండుసార్లు టైము మార్చినవాళ్ళం కదా, అక్కడి పెద్దవాళ్ళు దాన్ని నమ్మలేదు. మే నెల ఎండ. మేము విమానంలో ఫోన్లు ఆపేసి ఉన్నప్పుడు మా బావ నాలుగుసార్లు చేసిండు. దిగి ఫోన్ ఆన్ చేస్తే మెసేజ్: "మావయ్యా, ఇంక ఆగలేకపోయామండి." ఒంటిగంటన్నరకే తీసుకెళ్ళిపోయారు. చీర నాన్న ఒళ్ళోని సంచీలోనే ఉంది.

మొదటి ఫోన్‌లోనే "సాయంత్రం నాలుగు అవుతది" అని చెప్పి ఉంటే వాళ్ళు నాలుగు దాకా ఆగేవాళ్ళు. ఆ మాట మా బావే తర్వాత అన్నాడు. అందుకే ఆ గంట ఐదు నిమిషాలు ఎక్కడినుండి వచ్చిందో నాకు తేల్చుకోవాలనిపించింది. సిగ్గుపడే విషయం ఏంటంటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు సరిగ్గా ఇలాంటి లెక్కనే నేను కోడ్ రాసిచ్చా. పన్నెండు లైన్లు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ లెక్క చూద్దాం. పెన్ను, పేపర్ చాలు.

బీదర్ విమానాశ్రయం అక్షాంశం సుమారు 17.91, రేఖాంశం 77.49. రాజమండ్రిది, అంటే మధురపూడి విమానాశ్రయానిది, 17.11, 81.82. ఉత్తర దక్షిణాలుగా తేడా 0.80 డిగ్రీ. తూర్పు పడమరలుగా తేడా 4.33 డిగ్రీలు. అక్షాంశం ఒక డిగ్రీ అంటే భూమ్మీద ఎక్కడైనా దాదాపు 111 కి.మీ. రేఖాంశం అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర 111 ఉంటుంది, ధ్రువం వైపు పోయేకొద్దీ గీతలు దగ్గరపడతాయి, కాబట్టి తగ్గుతుంది. మనం ఉండే పదిహేడున్నర డిగ్రీల దగ్గర 106 కి.మీ. వస్తుంది. 111ని ఆ అక్షాంశం కొసైన్‌తో గుణిస్తే అదే వస్తది, ఇంటర్‌లో చదివిందే.

4.33ని 106తో గుణిస్తే 459. 0.80ని 111తో గుణిస్తే 89. ఇంక పైథాగరస్ సిద్ధాంతం: రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయండి. 467 చిల్లర. అంతే, ఫోన్ చెప్పిన 468 ఇదే. కోడ్‌లో అయితే హావర్‌సైన్ అనే సూత్రం వాడతాం, భూమి గుండ్రంగా ఉన్న సంగతి అది పూర్తిగా పట్టించుకుంటుంది. హైదరాబాద్ నుండి అమెరికా పోయే విమానం మ్యాప్‌లో వంకరగా ఉత్తరం వైపు వంగి పోతున్నట్టు కనిపిస్తది చూడండి, అది నిజానికి దగ్గరి దారే, గోళం మీద గీసిన గీత కాగితం మీద పరిస్తే అలా కనిపిస్తది. అంత దూరాల్లో ఆ వంకర వేల కిలోమీటర్ల తేడా తెస్తది. మన 468 కి.మీ.లో వంద మీటర్ల తేడా కూడా తేదు. కాబట్టి పెన్ను, పేపర్ లెక్క ఇక్కడ సరిపోతుంది.

దూరం వరకు ఫోన్ అబద్ధం చెప్పలేదు. మరి టైము?

చాలా చోట్ల టైము ఇలా లెక్కేస్తారు: దూరాన్ని గంటకు 800 కి.మీ. అనే వేగంతో భాగించు, ఎక్కడానికి దిగడానికి ఇంకో అరగంట కలుపు. 468ని 800తో భాగిస్తే 35 నిమిషాలు. అరగంట కలిపితే గంట ఐదు. దొరికింది! అంటే ఆ నంబర్ ఏ టైంటేబుల్‌లోనుండీ రాలేదు, ఏ విమానాన్నీ చూసి రాలేదు. రెండు చుక్కలు ఇస్తే చాలు, లెక్క వచ్చేస్తది. మన బాగారెడ్డి స్టేడియం నుండి చార్మినార్‌కు అడిగినా ఆ కోడ్ విమాన సమయం చెప్తుంది.

పైగా ఆ 800 పెద్ద జెట్ విమానం బాగా పైకి పోయాక ఉండే వేగం. చిన్న ఊళ్ళ మధ్య ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. రెండు పంకాలు బయటికి కనిపిస్తూ తిరుగుతుంటాయి చూడండి, అది. దాని వేగం గంటకు 500 అటూ ఇటూ. ఇదే 468 కి.మీ.కి ఏటీఆర్ వేస్తే నా అంచనాలో గంటా ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. విమానం గీత గీసినట్టు కూడా పోదు. రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకే లేవాలి, తర్వాత తిరగాలి, నిర్ణయించిన దారుల్లోనే పోవాలి, దిగేముందు వరుసలో నిలబడాలి. అందుకే విమాన కంపెనీలు టైంటేబుల్‌లో వేసేది గాలిలో ఉన్న టైము ఒక్కటే కాదు. ఇక్కడ గేటు దగ్గర చక్రాల కింద అడ్డు దిమ్మెలు తీసిన నిమిషం నుండి, అక్కడ మళ్ళీ పెట్టే నిమిషం దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద మీకు కనిపించేది అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ బ్లాక్ టైమ్ కూడా మన టైము కాదు. ఆ రోజు మేము పోయిన దారే తీసుకోండి. జహీరాబాద్ నుండి 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి, సంగారెడ్డి దాటి, ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకొని శంషాబాద్ చేరాలంటే 110, 115 కి.మీ. రెండుంపావు గంటలు పెట్టుకోండి. విమానాశ్రయంలో గంటన్నర ముందుండాలి. హైదరాబాద్ నుండి రాజమండ్రికి గీత మీద 360 కి.మీ., బ్లాక్ టైమ్ గంట పైన పది నిమిషాలు వేసుకుందాం. దిగి, సామాను తీసుకొని బయటపడటానికి ఇరవై అయిదు నిమిషాలు. మధురపూడి నుండి ఊళ్ళోకి నలభై నిమిషాలు. మొత్తం కలపండి: ఆరు గంటలు.

జహీరాబాద్ నుండి రాజమండ్రికి గీత గీస్తే 450 కి.మీ. ఆరు గంటలతో భాగిస్తే గంటకు 75. విమానం ఎక్కినా మన వేగం 75 అన్నమాట! కారులో రోడ్డు మీద 530 కి.మీ. పైనే ఉంటుంది, పది గంటలు పడుతుంది. కాబట్టి విమానం నాలుగు గంటలు మిగిలిస్తుంది, అది తక్కువేం కాదు. కానీ ఒక షరతు. మీరు పోవాలనుకున్న టైముకే అది లేవాలి.

ఈ షరతు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే నేను తప్పింది ఇక్కడే. రోజుకు ఒకే ఒక్క విమానం ఉందనుకోండి. మీకు అవసరం ఏ గంటలో వస్తుందో తెలియదు. అదృష్టం ఉంటే వెంటనే దొరుకుతుంది, లేకపోతే 24 గంటలు ఆగాలి. సగటున 12 గంటల ఎదురుచూపు. రోజుకు రెండు సమానంగా విడదీసి నడిపితే సగటు 6 గంటలు. మూడు నడిపితే 4. ఇప్పుడు పోల్చండి. ఏటీఆర్ తీసేసి జెట్ వేస్తే మిగిలేది ఇరవై నిమిషాలు. రోజుకు ఒక విమానం బదులు రెండు వేస్తే మిగిలేది సగటున ఆరు గంటలు. నిజానికి రాత్రిపూట చిన్న విమానాశ్రయాల్లో విమానాలు ఉండవు కాబట్టి లెక్క ఇంత నున్నగా రాదు, కానీ దారి ఇదే. పెళ్ళికి పోయేవాళ్ళు నెల ముందే టికెట్ చేసుకుంటారు, వాళ్ళకు ఈ ఎదురుచూపు తెలియదు. చావుకు పోయేవాళ్ళకే తెలుస్తది.

సరే, మరి బీదర్ మన ఇంటి పక్కనే ఉంది, 30 కి.మీ. అక్కడి నుండి ఎందుకు ఉండదు? బీదర్ ముచ్చట కొంచెం వివరంగా చెప్పాలి, మనకు దగ్గరిది కదా.

బీదర్‌లో ఉన్నది ముందు నుండీ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. పైలట్లకు శిక్షణ ఇచ్చే చోటు, సూర్యకిరణ్ విన్యాసాల జట్టుకు కూడా అదే ఇల్లు. రన్‌వే వాళ్ళది, కాబట్టి మామూలు ప్రయాణికుల విమానం వాళ్ళు ఒప్పుకున్న టైముకే రావాలి, పోవాలి. ప్రయాణికుల టెర్మినల్ కట్టి ఏళ్ళ తరబడి తాళం వేసే ఉంచారు. కారణం మన 'గీత దూరం'. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది: అది తెరిచాక 25 ఏళ్ళ వరకు, ఆకాశమార్గంలో 150 కి.మీ. లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదు. శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకుంది. బీదర్‌కు అక్కడి నుండి గీత గీస్తే 125 కి.మీ. రోడ్డు మీద అయితే 145 దాకా ఉంటుంది. ఒప్పందంలో రాసింది ఆకాశమార్గం, కాబట్టి పక్క రాష్ట్రమైనా సరే, బీదర్ లోపలే పడింది. వరంగల్ మామునూరు కూడా అంతే, గీత మీద 146 వస్తుంది. నాలుగు కిలోమీటర్లు అవతల ఉండి ఉంటే ఈ గొడవే లేదు! శంషాబాద్ వాళ్ళు అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి చివర్లో మామునూరుకు కేంద్రం అనుమతి వచ్చింది. మనం పేపర్ మీద చేసిన చిన్న లెక్కకు ఇంత బలం ఉంది చూడండి. ప్రయాణికుడికి పనికిరాని నంబర్, ఒప్పందాలు రాసేవాళ్ళకు మాత్రం బాగా పనికొస్తుంది.

బీదర్‌కు మొదటి విమానం 2020 ఫిబ్రవరి 7న వచ్చింది, బెంగళూరు నుండి, ట్రూజెట్ వాళ్ళ ఏటీఆర్. అది ఉడాన్ పథకం కింద. ఉడాన్ అంటే గుర్తుండే ఉంటుంది, 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు మన కడప-హైదరాబాద్ కూడా అదే రోజు మొదలైంది. 2017లో మొదలైనప్పుడు పథకం ఏంటంటే, దాదాపు 500 కి.మీ. లేదా గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయల దగ్గర అమ్మాలి, కంపెనీకి వచ్చే లోటు ప్రభుత్వం మూడేళ్ళ పాటు పూడుస్తుంది. ఆ టికెట్ పరిమితి కూడా దూరాన్ని బట్టే మారుతుంది. మళ్ళీ గీత లెక్కే! తర్వాత ట్రూజెట్ ఆగిపోయింది. 2022లో స్టార్ ఎయిర్ మొదలుపెట్టింది, 2023 చివర్లో ఆగింది, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైంది. ఇలా ఉంటుంది చిన్న విమానాశ్రయం బతుకు. ఉందని విన్నది మొన్నటి మాట అయి ఉండొచ్చు. మా నాన్న "నడుస్తున్నయ్ గదా" అన్నది కూడా ఎవరో చెప్తే విన్నదే.

ఆ బీదర్ విమానం కూడా బెంగళూరుకే. బెంగళూరు మీదుగా రాజమండ్రి పోవాలంటే 520 కి.మీ. దక్షిణానికి పోయి, అక్కడి నుండి 620 కి.మీ. ఈశాన్యానికి రావాలి. 1,140 కి.మీ. తిరుగుడు, 468 కోసం.

నేరుగా ఎందుకు వేయరు అంటే, మీరే కంపెనీ ఓనర్ అనుకోండి. ఏటీఆర్‌లో 70 పైన సీట్లు ఉంటాయి. బీదర్, జహీరాబాద్, హుమ్నాబాద్ అన్నీ కలిపినా రోజూ రాజమండ్రి పోయేవాళ్ళు ఎంతమంది? ఒక బస్సు నిండటమే కష్టం. ఇంకో లెక్క చూడండి. పది ఊళ్ళు ఉన్నాయి, ప్రతి ఊరి నుండి ప్రతి ఊరికి నేరుగా విమానం కావాలంటే 45 దారులు. అదే ఒక పెద్ద ఊరిని మధ్యలో పెట్టి మిగతా తొమ్మిదింటినీ దానికి కలిపితే 9 దారులు చాలు. అందుకే రాజమండ్రికి హైదరాబాద్ నుండి, బెంగళూరు నుండి, చెన్నై నుండి విమానాలు ఉంటాయి, బీదర్ నుండి ఉండదు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మేము స్విచ్ పెట్టేది కూడా ఇందుకే. కంపెనీ వైపు నుండి చూస్తే తప్పు పట్టలేం. మధ్యలో మారేవాడి టైము మాత్రం వాళ్ళ లెక్కలోకి రాదు, ఆ టైము మనమే కట్టాలి.

కాబట్టి ఇప్పుడు నేను ఎట్లా చూస్తా అంటే, దూరం నుండి మొదలుపెట్టను. ముందు ఆ రెండు ఊళ్ళ పేర్లు కొట్టి, నిజంగా ఆ తారీఖున టికెట్ అమ్ముతున్నారా లేదా చూస్తా. పేమెంట్ పేజీ దాకా పోతే తప్ప నమ్మను. టికెట్ లేకపోతే ఆ దారి లేనట్టే, దూరం ఎంతైనా సరే. తర్వాత చేరే టైము నుండి వెనక్కి కాకుండా, మా గుమ్మం నుండి ముందుకు లెక్కేస్తా: కారు, కౌంటర్, విమానం, సామాను, ఆటో. అన్నీ కలిపాక ఇంకో గంట వేస్తా. ఆ గంట ఎందుకంటే, ఒకసారి చెప్పిన టైము మళ్ళీ మార్చకుండా ఉండటానికి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది నాకు ఆ తర్వాత తెలిసింది. షిరిడీ నుండి కాకినాడ పోయే రైలు ఒకటి ఉంది. బీదర్, జహీరాబాద్, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్, అక్కడి నుండి రాజమండ్రి. మారాల్సిన పని లేదు, మన స్టేషన్‌లో ఎక్కితే అక్కడే దిగుడు. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. ఆ రోజు అది ఉందో లేదో నేను చూడను కూడా చూడలేదు. చేతిలో గంట ఐదు నిమిషాలు అనే నంబర్ ఉన్నవాడు రైలు టైము ఎందుకు చూస్తాడు?

అత్త పదకొండో రోజుకు మేము కారులో పోయాం. ముందు రోజు రాత్రి బావ ఫోన్ చేసి "ఎన్నింటికి వస్తారండి?" అన్నాడు. నాన్న ఫోన్ నా చేతికి ఇచ్చిండు. "పొద్దున నాలుగింటికి బయలుదేరుతం బావా, మూడింటి లోపల వస్తం" అన్నా. రెండుంపావుకి చేరాం. చీర అప్పుడు ఇచ్చాం, మా అక్కకు, అంటే అత్త కూతురికి.

వచ్చే ఎపిసోడ్‌లో రైల్వే టైంటేబుల్‌లో చివరి స్టేషన్ ముందు ఎక్స్‌ట్రా నిమిషాలు ఎందుకు కలుపుతారో మాట్లాడుకుందాం. అది కూడా ఇలాంటి ముచ్చటే. ఉంటా, నమస్తే.